ఓడల ఊళ్లో ఎండుజ్వరం

మంగళవారం

వంతెనలు ఎత్తేశారు.

సైరన్ మోగినప్పుడు నేను వంశధార ఓడ పై అంతస్తులో మంచినీళ్ల వరసలో నిలబడి ఉన్నాను. తుఫాను వచ్చే ముందు తప్ప అది మోగదు. ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంది. అందరం నాగావళి వైపు తిరిగాం. రెండు ఓడలకూ మధ్య ఉన్న ఇనప వంతెన మెల్లగా పైకి లేచి, అవతలి ఓడను ఆనుకుని నిలబడిపోయింది. తరవాత గోస్తని వైపుది లేచింది. తరవాత తాండవ వైపుది. తీరం మునిగిపోయాక లంగరు వేసిన పాత సరుకు ఓడలన్నిటినీ కలిపి మా పెద్దవాళ్లు కట్టుకున్న ఊరు, నీళ్ల బిందె నిండేలోగా ముక్కలుగా విడిపోయింది.

నాగావళి వంతెనను ఎత్తింది మా ఆయనే. దాసు వంతెనల మెకానిక్కు. అటువైపు మోటారు పట్టేసిందంటే నిన్న వెళ్లాడు. బాగుచేసిన మోటారుకు మొదటి పని ఇదే పడింది. ఎత్తాడు. అవతలే ఉండిపోయాడు.

కాసేపటికి నా చేతిపలకలో ముఖం కనిపించి పలికాడు. "నాలుగు రోజుల పనే అంటన్నారు. నువ్వు కంగారు పడకు."

"ఇటు వొచ్చేసి ఎత్తొచ్చు కదా మావా."

"నాను అటొచ్చేస్తే, ఇటు మోటారు మళ్లీ ఆగిపోతే ఎవుడు సూస్తాడు?"

కోపం వచ్చి పలక మూసేశాను. ఓడ అంచుకు వెళ్లి చూశాను. అవతలి అంచున ఒకతను చెయ్యి ఊపుతున్నాడు. దాసే కావచ్చు. ఇంత దూరంలో మనిషి కనిపిస్తాడు కానీ ముఖం తెలియదు.

నేను విలేకరిని. పగలంతా రాసేదాన్ని కాబట్టి నాకోసం నేను రాసుకునే అలవాటు లేదు. ఇవాళ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పైకీ కిందికీ తిరిగి తిరిగి చివరికి ఇది మొదలుపెట్టాను.

శుక్రవారం

వంతెనలు ఎత్తింది జ్వరం వల్లట. ఎండుజ్వరం అంటున్నారు. ఒళ్లు కాలిపోతుంది, చెమట మాత్రం పట్టదు. లోకమంతా చుట్టి మా దగ్గరికి వచ్చింది. మొన్నమొన్నటిదాకా దీన్ని నేను దూరదేశాల వార్తగా రాశాను. ఇప్పుడు గోస్తనిలోనూ నాగావళిలోనూ మనుషులు పోతున్నారు. జ్వరం తగిలినవాళ్లను ఓడ అడుగు అంతస్తుకు దించి, ఒక్కో గదిలో ఒక్కొక్కరిని పెడుతున్నారు. పూటపూటకూ గుమ్మంలో అన్నమూ నీళ్లూ పెట్టి, తలుపు తట్టి వచ్చేస్తారు. ఎవరూ లోపలికి వెళ్లకూడదు.

పోయినవాళ్ల ఇళ్లవాళ్లతో పలకలో మాట్లాడి, వాళ్ల గురించి రాస్తున్నాను. ఎవరికి ఏ పని వచ్చు, ఏ కూర ఇష్టం, ఎవరితో మాటలు లేవు, ఇలాంటివి. అంకె ఒక్కటే రాస్తే పోయినది మనిషని తెలియదు కదా. గోస్తనిలో ఒక కూతురు చెప్పింది: "మా అయ్య బాధ పడనేదమ్మా. ఆకరికి మంచినీళ్లు కూడా అడగనేదు. నిద్దరోయినట్టే పోనాడు." ఆ మాట బాగుందనిపించి వార్త చివర పెట్టాను.

రాసినదంతా దండోరాకి ఇస్తాను. ఒకే వార్త అందరికీ వెళ్లే కాలం మా అమ్మ చిన్నతనంతోనే పోయింది. ఏది చదివితే ఎవరి గుండె వేగంగా కొట్టుకుంటుందో, ఎవరికి నిద్ర పట్టదో దండోరా యంత్రానికి తెలుసు. చూసి, ఎవరికి తగినది వాళ్ల పలకలో పెడుతుంది. జ్వరం వచ్చాక ఓడల సభ దానికి ఒక్క ఆజ్ఞ ఇచ్చింది: జనాన్ని కంగారు పెట్టకు.

ఎదురు గది ముత్యాలు ఇవాళ బట్టలు ఆరేస్తూ, "జొరం తగ్గుమొకం పట్టిందంట కదా" అంది. లోపల మంచం మీద ఆవిడ భర్త పోయినవాళ్ల పేర్లు బెదురు లేకుండా చదువుకుంటున్నాడు. ఒకే గదిలో ఉంటున్నారు. ఆవిడ చదివేది ఆయనకు రాదు, ఆయన చదివేది ఆవిడకు రాదు.

ఆదివారం

దాసుకు జ్వరం.

నాగావళి వాళ్లు పొద్దున్నే అడుగు అంతస్తుకు దించేశారట. నేను అరిచాను, ఎవరి మీదో నాకే తెలియదు. అతను మాత్రం నిదానంగానే ఉన్నాడు.

"గది బాగుంది. సల్లగా ఉంది. పైన మోటారు పక్క గదోడు నన్ను నిన్నటిదాకా తిట్టినాడు, ఇప్పుడు పీడా పోనాదని సంబరపడతన్నాడేమో."

"ఎవుడాడు?"

"సన్యాసిరావని, వలలు అల్లుతాడు. పైన ఆలు మొగుడు ఉంటారు. ఆళ్ల గోడ పక్కనే నా మోటారు. సుత్తి దెబ్బలకి నిద్దర పట్టనేదని రోజూ తగువే. మొన్న నా సుత్తి సముద్రంలో పారేస్తానన్నాడు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు నొప్పులున్నాయా, తల తిరుగుతోందా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. పలక మూసేముందు అతని పెదవులు చూశాను. తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. గాలికేమోలే అనుకున్నాను.

వంట చేశాను, తినలేదు. నేల తుడిచాను, మళ్లీ తుడిచాను.

సోమవారం

తాండవ ఓడలో రాజ్యం అనే ఆవిడ తమ్ముడికి జ్వరం వస్తే ఎవరికీ చెప్పకుండా వలల మూటల వెనక దాచేసిందట. మూడు రోజులకు దొరికిపోయారు. అప్పటికి జ్వరం తగ్గిపోయి కూర్చుని ఉన్నాడు. రూలు తప్పినందుకు ఆవిడ మీద వార్త రాయమని తాండవ పెద్దలు నన్ను అడిగారు. ఆవిడతో మాట్లాడాను.

"ఏటి సేసేవు అతనికి?"

"నానేటి సేస్తాను? నీలు పోసినాను. ఆడికి దాహమే నేదమ్మా. గ్లాసిస్తే పక్కన పెట్టీడమే. తరవాత తాగుతాననీవోడు, మర్సిపోయీవోడు. నోట్లో నాలిక అట్ట ముక్కలాగ అయిపోనాది. మరింక ముక్కు మూసి సెంచాతో పోసినాను. తిట్టినాడు, ఊసినాడు. మళ్లీ పోసినాను. ఒక పొద్దుట ఆడే లేసి, అప్పా నీలియ్యి అన్నాడు. అప్పుడు నాను ఏడ్సినాను."

పలక మూశాక గోస్తని కూతురి మాట గుర్తొచ్చింది. ఆకరికి మంచినీళ్లు కూడా అడగనేదు.

పోయినవాళ్ల ఇళ్లన్నిటికీ మళ్లీ పలికాను. ఈసారి ఒక్క ప్రశ్నే. అందరూ అదే చెప్పారు. గుమ్మంలో పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉన్నాయట. బతికినవాళ్లు ఎక్కడెక్కడున్నారో వెతికి వాళ్లనూ అడిగాను. ప్రతివాళ్ల పక్కనా దొంగచాటుగా ఎవరో ఒకరు ఉన్నారు.

ఈ జ్వరం మనిషిని కాల్చి చంపడం లేదు. దాహం తీసేసి ఊరుకుంటోంది. తక్కినది మనం పెట్టిన ఒంటరి గది చేస్తోంది.

శారద మా ఆసుపత్రి ఓడ. అక్కడి డాక్టర్ మెహర్‌కు పలికాను. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను చెప్పినదంతా విని, "నాకు తెలుసండి" అంది.

"ఎప్పటినుంచి?"

"రెండు రోజులుగా. ఇక్కడికి చేరినవాళ్లకి సెలైన్ పెడితే లేచి కూర్చుంటున్నారు. నా దగ్గర బాటిళ్లు అయిపోవచ్చాయి. తెచ్చే ఓడ దారిలో ఉంది. అది వచ్చేదాకా ఆగండి."

"ఎందుకాగాలి?"

"మీరు చెప్పిన మరుక్షణం ప్రతి గది తలుపూ తీస్తారు. ఒక్కో రోగి చుట్టూ నలుగురు చేరతారు. వాళ్లందరికీ అంటుకుంటుంది. అంతమందిని నేనెక్కడ పడుకోబెట్టను?"

"ఆ ఓడ ఎప్పుడొస్తుంది?"

"వారం. ఇంకా ఎక్కువే కావచ్చు."

"గదుల్లో ఉన్నవాళ్లు వారం ఉండరు డాక్టర్."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. తరవాత, "కస్తూరిగారూ, లోపల మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"మా ఆయన."

"అందుకా అడుగుతున్నారు?"

"అందుకు కూడా."

మంగళవారం

రాశాను. దండోరాకి ఇచ్చాను. సాయంత్రానికి చూస్తే నా వార్త చేరింది పదకొండు మందికి. పదకొండు మందీ ఇప్పటికే కోలుకున్నవాళ్లు. వాళ్ల గుండె కంగారు పడదు కాబట్టి వాళ్లకు తగిందట. ఇంట్లో రోగి ఉన్నవాళ్లలో ఒక్కరి పలకకూ వెళ్లలేదు. మెత్తగా మార్చి మళ్లీ రాశాను. 'నీళ్లు తాగితే మంచిది' అని రాస్తే ఊరంతటికీ వెళ్లింది. ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

ఇవాళంతా దాసుకు పలుకుతూనే ఉన్నాను.

"మావా, గుమ్మం కాడ సెంబుంది. లేచి తాగు."

"తాగుతాను."

"నాను సూస్తుండగా తాగు."

"తరవాత తాగుతాన్లే. ఇప్పుడు దాహం నేదు."

"దాహం లేకపోయినా తాగాలి. నా మాటిను."

విన్నట్టే తల ఊపేవాడు. కళ్లు మూసుకునేవాడు. మధ్యాహ్నం నన్ను చూసి, వాళ్ల చిన్నమ్మ పేరు పెట్టి పిలిచాడు. తరవాత పలక చేతిలోంచి జారినట్టుంది. గది కప్పు కనిపించింది, ఒక మేకు, దానికి వేలాడుతున్న తాడు. ఎంత పిలిచినా ఆ కప్పే. దాన్ని చూస్తూ ఎంతసేపు అరిచానో తెలియదు. ముత్యాలు వచ్చి నా భుజం పట్టుకుంది. "ఏటయిందే" అని అడిగింది. ఏమయిందో ఆవిడ పలకలో లేదు.

బుధవారం

పొద్దు పొడవగానే డాక్టర్ మెహర్‌కు పలికాను.

"పడవ మీద వెళ్తున్నాను. ప్రతి ఓడ దగ్గరా ఆగి నోటితో చెప్తాను. మీరు వద్దన్నా వెళ్తాను. తప్పు చెప్పకుండా ఎలా చెప్పాలో మాత్రం చెప్పండి."

తిడుతుందనుకున్నాను. నిట్టూర్చింది. "రాసుకోండి" అంది. "ఒక రోగికి ఒక్క మనిషే. లోపలికి వెళ్లినవాళ్లు రోగి లేచేదాకా బయటికి రాకూడదు. మూతికి తడిగుడ్డ కట్టుకోవాలి. నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త బెల్లం. గ్లాసుతో కాదు, చెంచాతో. వద్దన్నా పొయ్యాలి. ఇంకొకటి. వెళ్లినవాళ్లకి జ్వరం రావచ్చని చెప్పండి. అది దాచి పిలవకండి."

"దాచను."

వంశధార కాపలావాడు పడవ దించుతూ, "దిగితే మళ్లీ ఎక్కనియ్యమమ్మా" అన్నాడు. సరేనన్నాను. పండగల్లో నోటికి పెట్టి కేకలేసే రేకు బాకా ఒకటి తీసుకుని, తెడ్డు వేసుకుంటూ బయలుదేరాను. చిన్నప్పుడు మా అయ్యతో వేటకు వెళ్లేదాన్ని. చేతులు మరిచిపోలేదు.

మొదట గోస్తని. తరవాత తాండవ. ఓడ పక్కన ఆగి బాకా ఎత్తగానే జనం అంచుకు వచ్చేవారు. పేరు చెప్పుకున్నాను, తెలిసింది చెప్పాను, డాక్టరు చెప్పింది చెప్పాను. కొందరు తిట్టారు. ఎవరో కుళ్లిన చేప విసిరారు. తాండవలో ఒక ముసలాయన మాత్రం నేను చెప్పింది పూర్తిగా వినకుండానే లోపలికి పరిగెత్తాడు.

నాగావళి దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. బాకా ఎత్తాను. ఎప్పటిలాగే చెప్పాను. పైనుంచి ఒక మగగొంతు అడిగింది.

"లోపలికెల్తే మాకూ వస్తాదా?"

"రావచ్చు. కొంతమందికి వచ్చింది."

"సచ్చిపోతామా?"

"పోవచ్చు. పోతారనీ చెప్పలేను, పోరనీ చెప్పలేను."

"మరెందుకెల్లాలి?"

"వెళ్లమని నేను చెప్పడం లేదు. ఒంటరిగా ఉన్నవాళ్లు పోయారు. నీళ్లు తాగించేవాళ్లు ఉన్నవాళ్లలో చాలామంది బతికారు. నాకు తెలిసింది ఇంతే."

నా మొగుడు మీ అడుగు అంతస్తులో ఉన్నాడు, ఎవరైనా వెళ్లండి అనే మాట గొంతులోనే ఉంది. చెప్తే ఎవరో ఒకరు జాలిపడి వెళ్లేవాళ్లు. అప్పుడు నేను చెప్పినదంతా నా మొగుడి కోసం చెప్పినట్టయ్యేది. ఆ ఓడలో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల తరఫున కేకెయ్యడానికి ఎవరూ పడవ మీద రాలేదు. ఆ మాట మింగేసి తెడ్డు వేశాను. శారద దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

శనివారం

వంశధార కింద పడవ కట్టుకుని ఉంటున్నాను. పైనుంచి తాడుకు కట్టి అన్నం దించుతున్నారు. గుడ్డ పందిరి నీడ కాస్తే. అది ఎటు జరిగితే అటు జరుగుతున్నాను. దాసు పలక మూగబోయింది. కప్పు కూడా కనిపించడం లేదు.

డాక్టర్ మెహర్ చెప్పింది: జ్వరాలు పెరిగాయట, తను అనుకున్నట్టే. చావులు తగ్గాయట, నేను అనుకున్నట్టు. "మనిద్దరిలో ఎవరి మాట నిజమయిందో నాకు అర్థం కావడం లేదు" అంది. నాకూ కావడం లేదు. కొత్తగా జ్వరం వచ్చినవాళ్లలో నా బాకా విని లోపలికి వెళ్లినవాళ్లు ఎందరో లెక్క తియ్యమని అడిగాను. తీస్తానంది.

సోమవారం

పలక మోగింది. ముందు దగ్గు వినిపించింది.

"కస్తూరీ."

ఏమన్నానో గుర్తులేదు.

"ఏడవకు. బాగున్నాను. ఈడు నన్ను సంపేత్తన్నాడు."

"ఎవుడు?"

"సన్యాసిరావు. మూతికి గుడ్డ కట్టుకుని వొచ్చి, తలుపేసీసి కూకున్నాడు. తాగు, నీ మొకం, తాగు, నీ సుత్తీ నువ్వూనూ అంటాడు, సెంచాడు పోస్తాడు. మళ్లీ తిడతాడు. అయిదు రోజులు. నిన్న నానే అడిగినాను నీళ్లు. అప్పుడు కూడా తిట్టినాడు."

వెనకనుంచి బొంగురు గొంతు వినిపించింది. "ఎవుడితో మాటలు? నోరు ఎండిపోతాది, ముందు తాగు."

చాలా రోజుల తరవాత నవ్వాను. ఆయనకు పలక ఇమ్మన్నాను. నన్ను చూడగానే, "నువ్వా బాకా అమ్మవి?" అన్నాడు. నాకంటే పెద్దవాడు, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. నుదురు మెరుస్తోంది. చెమటే అనుకుని సంతోషించాను. చూస్తే మూతిగుడ్డ తడుపుకున్నప్పుడు చిందిన నీళ్లు.

"నీకు ఒంట్లో ఎలాగుంది బావా?" అని అడిగాను.

"నాకేటి, బాగున్నాను. నీళ్లు కూడా అక్కర్నేదు" అన్నాడు.

దాసు ముఖమూ నా ముఖమూ ఒకేసారి మారిపోయాయి.

గురువారం

దాసు లేచి నిలబడలేడు. గోడకు ఆనుకుని కూర్చుని, సన్యాసిరావు తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పోశాడు. పోస్తూనే ఉన్నాడట. శారద నుంచి ఆఖరి సెలైన్ కూడా పంపించారు. నీళ్లు చాలామందిని బతికించాయి. సన్యాసిరావును బతికించలేదు. ఇవాళ మధ్యాహ్నం పోయాడు.

తలుపు అవతల నేల మీద ఆయన భార్య పారమ్మ కూర్చుని ఉందట. తలుపు తియ్యమని ఒక్కసారి కూడా అడగలేదట.

ఆదివారం

సెలైన్ ఓడ వచ్చింది. వంతెనలు దించారు. నేను నాగావళిలోకి వెళ్లాను. దాసును చూశాను. ఎముకలూ కళ్లూ మిగిలాయి. చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తరవాత అతనే అన్నాడు: "ముందు ఆవిడ కాడికెల్లు. నాను ఎక్కడికి పోతాను?"

పారమ్మ తన గదిలో సగం అల్లిన వల ముందు కూర్చుని ఉంది. గుమ్మంలో నిలబడి నా పేరు చెప్పబోయాను.

"తెలుసు. బాకా అమ్మవి. రా, కూకో."

కూర్చున్నాను. "అప్పా, నేను ఆ రోజు రాకపోతే..." అన్నాను.

"రాకపోతే నీ మొగుడు పోయీవోడు. మా ఓడలో ఇంకా సాలామంది పోయీవోరు. నువ్వు రెండూ సెప్పినావు కదా. నీళ్లియ్యమనీ సెప్పినావు, సచ్చిపోవచ్చనీ సెప్పినావు. పైనుంచి అడిగినోడు ఆడే. రెండూ ఇన్నాడు." వల ముడులు వేళ్లతో తడిమింది. "నీ మీద కోపం నేదని సెప్పను. ఉంది. ఉండనీ."

ఉండనీ అన్నాను.

"ఆడి గురించి రాస్తావంట కదా."

"రాస్తాను. దండోరాకి ఇవ్వను. ప్రతి ఓడకూ వెళ్లి అందరూ వినేలా చదువుతాను. నువ్వు ఒప్పుకుంటేనే."

చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఎక్కడ పుట్టాడో, వల ముడి ఎంత బిగువుగా వేసేవాడో, చింతకాయ పచ్చడి లేకపోతే కంచం దగ్గర ఎలా అలిగేవాడో. నేను రాసుకుంటూ పోయాను. అంతా అయ్యాక చదవమంది. చదివాను. సన్యాసిరావు ధైర్యంగా ఆ గదిలోకి వెళ్లాడు అన్నచోట చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తీసీ. ధైర్యమేటి? మూతికి గుడ్డ కట్టుకుంటంటే ముడి పడనేదు ఆడికి, సేతులు అంతలాగ వొణికిపోనాయి. ముడేసి బతికినోడు. నానే కట్టినాను. కడతా కడతా పోవద్దన్నాను. ఆ సుత్తోడి కోసం పోతావేటి, నీకు నాను అక్కర్నేదా అన్నాను. కాళ్లు పట్టుకున్నాను. భయమేస్తందే పారీ అన్నాడు. అని ఎలిపోనాడు."

నా కలం ఆగిపోయింది.

"రాయి" అంది పారమ్మ. "పోవద్దన్నానని కూడా రాయి."

'ధైర్యంగా' అన్న మాట కొట్టేశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. మళ్లీ మొదటినుంచి చదివి వినిపించాను. ఈసారి ఎక్కడా ఆపలేదు.